మంత్రికి డెబ్బై అయిదు, వానకు ఇరవై అయిదు

ఏప్రిల్ పంతొమ్మిది, శనివారం ఉదయం 10:20 గంటలకు, మంత్రి వస్తే వాన రాదని మంత్రి పర్యటనల ప్రత్యేకాధికారి మల్లికార్జున్ గారు ప్రకటించారు. ప్రకటన వెలువడిన చోటు గొల్లబండ వడ్ల కొనుగోలు కేంద్రం. హాలియాకు పదకొండు కిలోమీటర్లు. విన్నవాళ్లు ముప్పై మంది. వాళ్లలో విలేకరిని నేనొక్కణ్ణే. మిగతావాళ్లలో ఎక్కువమంది వడ్ల కుప్పల దగ్గర కాపలా ఉన్న రైతులు.

కేంద్రానికి వడ్లు వచ్చి అప్పటికి పదకొండు రోజులు. కాంటా వచ్చి తొమ్మిది రోజులు. కాంటాకు అడ్డంగా రిబ్బన్ కట్టి ఎనిమిది రోజులు. మంత్రి గారు రిబ్బన్ కోస్తే తూకం మొదలవుతుంది. సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఆయన హెలికాప్టర్‌లో వస్తున్నట్టు శుక్రవారం కబురు అందింది. సోమవారం వాన పడే అవకాశం నలభై శాతమని వాతావరణ సూచన కూడా శుక్రవారమే అందింది. రెండు కాగితాలూ మల్లికార్జున్ గారి బల్ల మీదికి చేరాయి. ఆయన స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ.

ఆయన ఫైలు తెరిచి చదివారు.

"గత మూడేళ్లలో మంత్రి గారు హెలికాప్టర్‌లో నలభై రెండు పర్యటనలు చేశారు. నలభై రెండింటిలో ఒక్కనాడూ చినుకు పడలేదు. వీటిని పరస్పర వర్జిత ఘటనలు అంటాం. ఒకటి జరిగితే రెండోది జరగదు. కాబట్టి మంత్రి గారు వస్తే వాన పడే సంభావ్యత సున్నా."

"వాన పడ్డ రోజుల్లో పర్యటనలు ఏమయ్యాయి సార్?" అని అడిగాను.

"రద్దయ్యాయి. వానలో హెలికాప్టర్ లేవదు కదా."

"మరి అవి లెక్కలో..."

"రద్దయింది పర్యటన ఎట్లయితది? లెక్కలోకి పర్యటనలే వస్తాయి."

రాసుకున్నాను.

గుర్వమ్మ లేచి నిలబడింది. ఆమెకు అరవై రెండేళ్లు. రెండెకరాలు కౌలుకు చేస్తుంది. పదకొండు రోజులుగా పొద్దున వడ్లు ఆరబోస్తోంది, సాయంత్రం కుప్ప చేసి టార్పాలిన్ పట్టా కప్పుతోంది. తేమ పదిహేడు శాతం దాటితే వడ్లు కొనరు. శనివారం పొద్దున యంత్రం పెట్టి చూస్తే ఆమె కుప్పలో తేమ 16.4. ఇంకొక్క వాన పడితే పదకొండు రోజుల పని మళ్లీ మొదటికి వస్తుంది.

"సారూ, మంత్రి రాకుంట, వాన గూడ రాకుంట ఉంటే?"

మల్లికార్జున్ గారు ఫైలు వెనక్కి తిప్పారు. ముందుకు తిప్పారు.

"వానకు నలభై. వందలోంచి తీసేస్తే మంత్రి గారికి అరవై. మొత్తం వంద. మూడోదానికి మిగల్లేదమ్మా."

"మిగలకపోవుడేంది సారూ? మా ఊర్లె ఏడాదికి మూడొందల దినాలు గదే గదా."

రైతులు నవ్వారు. మల్లికార్జున్ గారు కూడా నవ్వారు. "అది అనుభవం. ఇది లెక్క" అన్నారు.

లెక్క ప్రకారం తీసుకున్న మొదటి నిర్ణయాన్ని అధికార పార్టీ మండల అధ్యక్షుడు ఐలేశం చదివి వినిపించాడు. సోమవారం పొద్దునకల్లా కుప్పల మీది పట్టాలన్నీ తీసేయాలి.

"ఎందుకు తియ్యాలె?" అంది గుర్వమ్మ.

"డ్రోన్ తీస్తున్నం పెద్దమ్మా. మీదికెల్లి చూస్తే బంగారం పోసినట్టు కనబడాలె. పట్టాలు కప్పితే పీనుగుల లెక్క కనబడ్తయి."

"వానొస్తే?"

"మంత్రి వస్తుండు గద."

"మంత్రి రాకుంటే?"

"గా మాట నోట్లెకెల్లి రానియ్యకు పెద్దమ్మా. మంచిగుండదు."

పట్టాలు రజాక్‌వి. అతను హాలియాలో టెంట్లు, పట్టాలు కిరాయికి ఇస్తాడు. గోడకు ఆనుకుని అంతా విన్నాడు.

"తియ్యమంటే తీస్త సాబ్" అన్నాడు. "పెద్దవూర దిక్కు అడుగుతున్నరు, అక్కడ ఇచ్చేస్త. మళ్ల గంటల తెచ్చి కప్పమంటే మాత్రం నాతోని కాదు. ఇప్పుడే చెప్తున్న."

"రజాక్ భాయ్, లెక్క సున్నా వచ్చింది. ఇంకేం ఫికర్?" అన్నాడు ఐలేశం.

"నాకు ఫికర్ లేదన్నా. వడ్లు నావి కావు" అన్నాడు రజాక్.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఐలేశం, మల్లికార్జున్ గారిని వెంటబెట్టుకుని హాలియాలో నేను చాయ్ తాగే హోటల్‌కు వచ్చాడు. ఆ పొద్దున జిల్లా పేజీలో నా వార్త వచ్చింది. మంత్రి రాకకు అరవై శాతం అవకాశం అని శీర్షిక. పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు.

"అరవై ఏందన్నా? ఫస్ట్ క్లాస్‌తోనే సరిపెట్టిన్రా? మా మంత్రికి డిస్టింక్షన్ రావొద్దా?"

"ఆ అంకె నాది కాదు" అన్నాను.

మల్లికార్జున్ గారు తనదేనని ఒప్పుకున్నారు. మంత్రి గారి పేషీ నుంచి కూడా ఫోన్ వచ్చిందట. ఎదుటి పార్టీ వాళ్లు అరవైని వాట్సాప్‌లో తిప్పుతున్నారట.

"డెబ్బై అయిదు చెయ్యిండ్రి సారూ" అన్నాడు ఐలేశం.

"చేయొచ్చు. కానీ డెబ్బై అయిదూ నలభై కలిపితే నూట పదిహేను. పరస్పర వర్జిత ఘటనల మొత్తం వంద దాటకూడదు."

"దాటొద్దంటే వాన్ది తగ్గియ్యిండ్రి. వానకేమన్న ఓట్లున్నయా?"

మల్లికార్జున్ గారు హోటల్ బిల్లు వెనక కూడికలు వేశారు. వానకు ఇరవై అయిదు వచ్చింది. రెండుసార్లు సరిచూశారు.

పదింటికి మీడియా గ్రూపులో ప్రెస్ నోట్ పడింది. మంత్రి గారి చొరవతో వాన అవకాశం నలభై నుంచి ఇరవై అయిదు శాతానికి తగ్గిందని అందులో ఉంది. మిగిలిన ఇరవై అయిదును కూడా దశలవారీగా తగ్గిస్తారని ఉంది. మధ్యాహ్నానికి గొల్లబండ దారిలో ఏడు ఫ్లెక్సీలు లేచాయి. "రైతన్నకు గొడుగు మన మంత్రన్న" అని రాశారు. పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పన్నెండు.

సాయంత్రం కేంద్రం దగ్గరికి అంజన్న వచ్చాడు. అతనిది నారాయణపేట దిక్కు. ఎండాకాలం అక్కడ మేత ఉండదు. గొర్రెల మందను తోలుకుని సాగర్ కాలువ కింద కోసిన మడులకు వస్తాడు. ఫ్లెక్సీ చదివించుకుని విన్నాడు. మల్లికార్జున్ గారి ముందు గొంగడి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సారూ, మంత్రి వస్తే వాన రాదట గద. మరి రాకుంటే?"

మల్లికార్జున్ గారికి ప్రశ్న నచ్చింది. శనివారం నుంచి ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారు గానీ లెక్కగా అడిగినవాడు అంజన్న ఒక్కడే. కర్రతో నేల మీద రాసి చూపించారు.

"వాన వంతు ఇరవై అయిదు. మంత్రి గారు రాని వంతు కూడా ఇరవై అయిదే. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే ఒకటి. అంటే మంత్రి గారు రాకపోతే వాన నూటికి నూరు."

"నూటికి నూరా?"

"పాత లెక్క ప్రకారం నలభైని నలభైతో భాగించినా ఒకటే."

"మరి మా దిక్కు మూడేండ్లాయె సారూ. ఏ మంత్రీ రాలే. వానా సక్కగ రాలే."

"మీది వేరే జిల్లా" అన్నారు మల్లికార్జున్ గారు.

అంజన్న గొంగడి భుజాన వేసుకుని మంద దగ్గరికి వెళ్లాడు. నేల మీది లెక్కను నేను ఫొటో తీసుకున్నాను.

సోమవారం పొద్దున ఏడింటికి రజాక్ ఆటో ట్రాలీ వచ్చింది. పట్టాలన్నీ ఎక్కించారు. గుర్వమ్మ తన కుప్ప మీది పట్టా అంచు పట్టుకుని కూర్చుంది. రజాక్ ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇయ్యమ్మా. నీదొక్కటి ఉంచితే నన్ను మండలంల బతకనియ్యరు."

"నువ్వు తెల్లారి బతుకుతవు. నా వడ్లు?"

"అల్లా ఉన్నడు."

"ఆయన దగ్గర పట్టాలున్నయా?"

రజాక్ లేచి ఇంకో కొస నుంచి పట్టా మడవడం మొదలుపెట్టాడు. కాసేపటికి గుర్వమ్మ అంచు వదిలింది.

పదకొండింటికి డ్రోన్ ఎగిరింది. కుప్పలు బంగారం పోసినట్టే కనిపించాయి. ఆ వీడియో నేనూ చూశాను.

ఒకటిన్నరకు సాగర్ వైపు నుంచి మబ్బు లేచింది. గుర్వమ్మ కాంటా దగ్గరికి వెళ్లింది. అక్కడ మమత ఉంది. మహిళా సంఘం తరఫున కేంద్రం నడిపేది ఆమే.

"బిడ్డా, ఇప్పుడన్న కాంటా పెట్టు. మబ్బు జూడు."

"నాకు పెట్టబుద్ధి లేదా గుర్వవ్వా? రిబ్బన్ ఉన్నది గద."

"రిబ్బన్ నేను కోస్త."

"కత్తెర ఐలన్న జేబుల ఉన్నది. వెండిదట."

రెండుం పావుకు ఐలేశం ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి పైలట్. స్పీకర్ పెట్టాడు. చుట్టూ ఇరవై మంది చేరారు.

"అక్కడ మబ్బుందా?" అన్నాడు పైలట్.

"ఉన్నది గని ఏం కాదు సారూ. మంత్రి బయలెల్లితే వాన రాదు. మా సారు లెక్క జేసిండు."

"అయితే వాన రాదని రాసిమ్మనండి. బయలుదేరతాను."

మల్లికార్జున్ గారు ఫోన్ దగ్గరికి వంగారు. "మంత్రి గారు వస్తే అనే షరతు మీద మాత్రమే వాన సున్నా సార్. మీరు బయలుదేరినట్టు మెసేజ్ పెట్టండి. రాసిస్తాను."

"ముందు రాసివ్వండి."

"ముందు రాస్తే నలభై అని రాయాలి. సారీ, ఇరవై అయిదు. షరతు నెరవేరాక సున్నా."

"ఇరవై అయిదుంటే నేను లేపను."

"మీరు లేపితే అది ఇరవై అయిదు ఉండదు."

ఈ సంభాషణ ముప్పై ఎనిమిది నిమిషాలు నడిచింది. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. రెండు యాభై మూడుకు పైలట్ గొంతు ఆగి, పేషీ నుంచి ఎవరో మాట్లాడారు. మంత్రి గారు కారులో శంషాబాద్ పెళ్లికి వెళ్లారని చెప్పారు. పర్యటన వాయిదా. తేదీ తర్వాత తెలుపుతారు.

ఐలేశం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మల్లికార్జున్ గారు ఆదివారం నేల మీద రాసిన చోటికి చూశారు. లెక్క మీదుగా మంద నడిచి వెళ్లింది. జవాబు మాత్రం ఆయనకు గుర్తుంది.

"మంత్రి గారు రావడం లేదు. కాబట్టి వాన నూటికి నూరు" అన్నారు. "కప్పండి. అన్నీ కప్పండి."

ఆ మాట మైకులో చెప్పారు. ఐలేశం రజాక్‌కు ఫోన్ చేశాడు. పట్టాలు పెద్దవూరలో వేరే వాళ్ల వడ్ల మీద ఉన్నాయని రజాక్ చెప్పాడు. రైతులు దారి వైపు పరుగెత్తారు. మూడుం పావుకల్లా ఏడు ఫ్లెక్సీలూ కిందికి దిగాయి. గుర్వమ్మకు హాలియా దారి మలుపులోని ఫ్లెక్సీ దొరికింది. కుప్ప మీద పరిచి అంచుల మీద రాళ్లు పెట్టింది. దాని మీది బొమ్మలో మంత్రి గారు ఆకాశం వైపు చూసి నవ్వుతూ చేయి ఊపుతున్నారు. ప్రకటించినట్టే ఆయన రైతుకు గొడుగయ్యారని ఐలేశం నాతో అన్నాడు. రాసుకొమ్మన్నాడు. రాసుకున్నాను.

మూడు ఇరవైకి మల్లికార్జున్ గారు పైకి నివేదిక పంపారు. గొల్లబండలో వాన, సంభావ్యత ఒకటి. మూడు నలభైకి మంత్రి గారు పెళ్లి మండపం నుంచే స్పందించారు. ప్రకటన మీడియా గ్రూపులో పడింది. గొల్లబండలో తడిసిన ప్రతి గింజనూ కొంటామన్నారు. తేమ చూడవద్దన్నారు. ప్రారంభోత్సవం కోసం ఆగవద్దన్నారు. రైతులు అధైర్యపడవద్దన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ పైకి చూశారు.

మబ్బు దేవరకొండ వైపు వెళ్లింది. నాలుగింటికి ఎండ వచ్చింది.

ఇంకో పావుగంట చూశారు. ఫ్లెక్సీల మీద ఒక్క చుక్క లేదు.

గుర్వమ్మ ఫ్లెక్సీ మడిచి పక్కన పెట్టి మమత దగ్గరికి వెళ్లింది. మమత చేతిలో ఫోన్ ఉంది. ఆర్డర్ అప్పుడే వచ్చింది.

"కొంటరట గద బిడ్డా. పెట్టు మరి కాంటా."

మమత యంత్రం తెచ్చి కుప్పలో పెట్టింది. 16.1 చూపించింది.

"తడ్వలే గుర్వవ్వా."

"తడ్వలే. మంచిగ ఎండినయి. పదమూడు దినాలు ఎండబోసిన."

"ఆర్డర్ తడిసిన వడ్లకే వచ్చింది. వాటికి రిబ్బన్‌తోని పనిలేదన్నరు. ఎండిన వడ్లకు పాత పద్ధతే. రిబ్బన్ కోసినంకనే."

"కోసేదెప్పుడు?"

"తేదీ చెప్తమన్నరు."

గుర్వమ్మ మల్లికార్జున్ గారి వైపు తిరిగింది. ఆయన ఫైలు ముందుకూ వెనక్కూ తిప్పుతున్నారు.

"సారూ, నీ లెక్కల ఎండిన వడ్లకు జాగ లేదా?"

"పదిహేడు దాటొద్దనే నిబంధన అట్లనే ఉందమ్మా. మీ వడ్లు ఆ నిబంధనకు సరిపోయినయి."

"సరిపోతే కొనాలె గద."

"అది వేరే ఫైలు."

గుర్వమ్మ ఇంటికి వెళ్లి రెండు బిందెలతో వచ్చింది. కేంద్రం వెనకే పిల్లకాలువ ఉంది. రెండు నింపుకుని వచ్చి కుప్ప మీద పోసింది. మళ్లీ వెళ్లింది. నేను లెక్కపెట్టాను. తొమ్మిది సార్లు తిరిగింది. పద్దెనిమిది బిందెలు. మధ్యమధ్యలో పారతో వడ్లు తిరగేసింది.

అయిదో తిరుగుడులో మల్లికార్జున్ గారు ఆమెకు ఎదురయ్యారు.

"ఏం చేస్తున్నవమ్మా?"

"వాన నూటికి నూరంటివి గద సారూ. గది రాలే. నేను తెస్తున్న."

ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చారు. అప్పటికి కాలువ గట్టు మీద ఇంకో పదకొండు మంది బిందెలతో నిలబడ్డారు. ఒకరినొకరు తోసుకోకుండా వరుస కట్టాలని ఐలేశం మైకులో చెప్పాడు. ముసలివాళ్లను ముందు పంపాలన్నాడు.

అయిదుం పావుకు మమత యంత్రం పెట్టింది. 22.7. తడిసిన ధాన్యం పత్రం బయటికి తీసింది. తడవడానికి కారణం అనే గడి కింద ఒకే మాట అచ్చయి ఉంది. వాన. దాని పక్కన టిక్కు పెట్టాలి. మమత పెన్ను మల్లికార్జున్ గారికి ఇచ్చింది. ఆయన కాసేపు ఆలోచించి టిక్కు పెట్టారు. కింద పొట్టి సంతకం చేశారు.

రిబ్బన్ తెంపవద్దని ఐలేశం చెప్పాడు. హమాలీలు వంగి, రిబ్బన్ కింది నుంచి సంచిని కాంటా మీదికి జరిపారు. గుర్వమ్మ కుప్ప తొంభై రెండు సంచులు అవుతుందని పొద్దున, వడ్లు ఎండి ఉన్నప్పుడు, మమత అంచనా కట్టింది. అన్నే సంచులు లెక్కపెట్టి ఇచ్చింది. సంచికి నలభై కిలోలు.

ఆరుం పావుకు తొంభై రెండు సంచులూ నిండాయి. నేల మీద వడ్లు ఇంకా ఉన్నాయి. గుర్వమ్మ మరో ఆరు సంచులు అడిగింది. మమత ఇచ్చింది.